మా కారుకు గాలి లెక్క తప్పిన రోజులు

మొన్న సంక్రాంతికి ముందు నెల రోజులు నేను కారు తాళం ముట్టుకోలేదు. అలిగి కాదు, భయపడి. కాస్త అలక కూడా ఉందనుకోండి, ఎందుకు దాచడం!

నలభై రెండేళ్ళ వయసులో డ్రైవింగ్ నేర్చుకున్నాను. మా పామూరులో ఆడవాళ్ళు స్కూటీ నడిపితే ఎవరూ తిరిగి చూడరు గానీ, కారు నడిపితే మాత్రం టీ కొట్టు దగ్గర గ్లాసులు గాల్లోనే ఆగిపోతాయి. మాది సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు, 1248 సీసీ. కొన్నప్పుడు నా చీటీ డబ్బులు కూడా అందులో కలిశాయి. ఆ ధైర్యంతోనే నేర్చుకున్నాను.

డిసెంబరులో మా అత్తమ్మకు కంటి ఆపరేషన్ అయిన వారానికి కనిగిరిలో చూపించుకు రావాలి. 30 పైచిలుకు కిలోమీటర్లు. మా ఆయనకు పని ఉండి నన్నే తీసుకెళ్ళమన్నారు. దారిలో కందికట్టె వేసుకుని పోతున్న ట్రాక్టరును దాటబోయాను. సగం దాటాక యాక్సిలరేటర్ తొక్కితే బండి లాగదే! కాలు అడుగుకంటా నొక్కినా ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు నీరసంగా కదులుతోంది. ఎదురుగా బస్సు. ట్రాక్టరు అబ్బాయి ఎవరో గానీ పుణ్యాత్ముడు, బ్రేకు వేసి నాకు దారిచ్చాడు. రోడ్డు పక్కన ఆపి చూసుకుంటే చేతులు వణుకుతున్నాయి. మీటర్ల దగ్గర పసుపుపచ్చ ఇంజిన్ బొమ్మ వెలుగుతోంది. నల్లద్దాలు పెట్టుకున్న అత్తమ్మ “ఏందమ్మాయా, ఊరొచ్చిందా?” అంది.

ఇంటికొచ్చాక మా ఆయన ఒకే మాట అన్నారు: “నీ క్లచ్ కాలే దీన్ని చంపింది.” తర్వాత ఒక మెకానిక్ చూసి టర్బో పోయింది, 35 వేలు అవుతుందన్నాడు. పండగ వెళ్ళాక అమ్మేద్దామని ఈయన తీర్మానించేశారు. నేను నోరెత్తలేదు. నిజంగా నా కాలే చంపిందేమో అని లోపల్లోపల నాకూ అనుమానమే. రాత్రిళ్ళు కళ్ళు మూసుకుంటే ఆ బస్సే కనిపించేది.

పండక్కి మా అక్క కొడుకు వచ్చాడు. ఆటోమొబైల్ డిప్లొమా చదువుతున్నాడు. వాడి దగ్గర అగ్గిపెట్టెకు కాస్త పెద్దదైన చిన్న డబ్బా ఉంది. స్టీరింగ్ కింద సాకెట్లో గుచ్చితే కారు మనసులోని మాట ఫోన్లో చెప్తుంది. పీ 0101 అని వచ్చింది. “పిన్నీ, టర్బో సంగతి తర్వాత, ముందు ఇది గాలి సెన్సర్ గోల” అన్నాడు.

గాలికి సెన్సర్ ఏమిటి అన్నాను. పొయ్యి దగ్గరే నిలబడి ఉన్నాం కాబట్టి వాడికి చెప్పడం తేలికైంది. గ్యాస్‌కు తగ్గ గాలి అందకపోతే మంట పచ్చగా లేచి గిన్నె అడుగు మసిబారుతుంది కదా. ఇంజిన్‌లోనూ అంతే. పెట్రోలు బండిలో ఒక కిలో పెట్రోలు సరిగా కాలాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలట. డీజిల్‌కు ఇంకా ఎక్కువే ఇస్తారు. మా బండి 2000 ఆర్పీఎం మీద ఉంటే నిమిషానికి సుమారు 1250 లీటర్ల గాలి లాగుతుంది. మా మిద్దె మీది ట్యాంకు 1000 లీటర్లు. అంటే నిమిషం తిరక్కుండానే ట్యాంకుడు గాలి తాగేస్తుందన్నమాట! అందుకే ఎంత గాలి వచ్చిందో చూసి, దానికి తగినంత డీజిలే పోయమని చెప్పడానికి ఒక కంప్యూటరు.

ఆ లెక్క చెప్పేదే ఈ సెన్సర్. గాలి ఫిల్టర్ దాటగానే ఉండే గొట్టంలో సన్నని తీగో, పల్చటి రేకో పెట్టి కరెంటుతో వేడి చేస్తారు. గాలి తగిలితే అది చల్లారుతుంది, మనం కాఫీ ఊదుకున్నట్టు. అది చల్లారకుండా అదే వేడిలో ఉంచడానికి ఎంత కరెంటు పట్టిందో, దాన్నిబట్టి ఎంత గాలి పోయిందో తెలుస్తుంది. అదీ లీటర్లలో కాదు, గ్రాముల్లో. మా ఊరి మే నెల గాలి పల్చన, డిసెంబరు తెల్లవారుజాము గాలి చిక్కన. లీటర్లు ఒకటే అయినా బరువు వేరు. దాని పక్కనే గాలి వేడిని చూసే బుడిపె ఇంకొకటి ఉంటుంది.

ఇప్పుడు దాని మీద దుమ్ము పట్టిందనుకోండి. మా బోరు నీళ్ళు కాచిన గిన్నె చూశారా ఎప్పుడైనా? ఆర్నెల్లకు లోపల తెల్లగా గార కడుతుంది. ఆ గార కట్టిన గిన్నెలో నీళ్ళు ఒక పట్టాన కాగవు, వేడి దాటి రాదు. ఇదీ అంతే. దుమ్ము పొర వల్ల తీగ చల్లారదు. ఇంత గాలి వస్తున్నా సెన్సర్ “కొంచెమే వచ్చింది” అని చెప్తుంది. కంప్యూటరు అది నమ్మి, నల్లపొగ రాకూడదని డీజిల్ తగ్గిస్తుంది. ట్రాక్టరు పక్కన నేను ఎంత తొక్కినా లాగకపోవడానికి కారణం అదీ. నా కాలు కాదు!

వాడు సెన్సర్ ప్లగ్ పీకేసి మా ఆయన్ను ఒక చుట్టు తిప్పి రమ్మన్నాడు. అది లేకపోతే కంప్యూటరు తనకు తెలిసిన అంచనాతో నడిపిస్తుందట. ఈయన పెట్రోలు బంకు దాకా వెళ్ళొచ్చి, “ముందుకంటే బాగానే లాగుతుందిరా” అన్నారు, నా వంక చూడకుండా.

అసలు కథ ఫిల్టర్ పెట్టె తెరిచాక మొదలైంది. ఒక క్లిప్పు పట్టనే లేదు. ఫిల్టర్ అంచు మడత పడి ఉంది. శుభ్రంగా ఉండాల్సిన వైపు ఎర్రమట్టి సన్నగా ముగ్గు పోసినట్టు! “దీన్ని ఎవరు తీశారు బాబాయ్?” అని మావాడు అమాయకంగా అడిగాడు.

కార్తీక పౌర్ణమికి మేము భైరవకోన వెళ్ళొచ్చాం. ఒకే కొండను తొలిచిన ఎనిమిది శివాలయాలు, ఆ రాత్రి అమ్మవారి మీద పడే వెన్నెల కోసం ఊళ్ళకు ఊళ్ళే కదులుతాయి. ఆ జనం, ఆ బండ్లు లేపిన దుమ్ము మా కారు మీద వేలు లావున పేరింది. మర్నాడు ఈయనే పూనుకుని కారంతా కడిగి, ఫిల్టర్ తీసి గోడకు తట్టి మళ్ళీ పెట్టారు. నేను కాఫీ గ్లాసు పట్టుకుని పక్కనే ఉన్నాను. ఆ మాట గుర్తు చేయాలని నాలుక దాకా వచ్చింది. పండగ పూట ఎందుకులే అని మింగేశాను. అత్తమ్మ మింగలేదు. “నువ్వే కదరా ఆ పొద్దు టపటపా కొట్టింది” అంది అరుగు మీద నుంచి.

తుడవడం పెద్ద పనేమీ కాదు గానీ జాగ్రత్తలు ఉన్నాయి. ఈ సెన్సర్ కోసమే అమ్మే స్ప్రే వేరే ఉంది. 450 పెట్టి తెప్పిస్తే నాలుగు రోజులకు వచ్చింది. బ్రేకులకు, కార్బొరేటర్‌కు కొట్టే స్ప్రేలు వాడితే ఉన్నది కూడా పోతుంది. తాళం తీసేసి, బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పి, నక్షత్రం మూతి స్క్రూడ్రైవర్‌తో రెండు స్క్రూలు తీస్తే సెన్సర్ చేతికొచ్చింది. వేలు పెట్టకూడదు, గుడ్డ పెట్టకూడదు, చెవి పుల్ల అసలే వద్దు. దూరం నుంచి నాలుగైదు సార్లు స్ప్రే కొట్టి, పూర్తిగా ఆరేదాకా ఆగాలి. మేము అరగంట ఆగాం. నోటితో ఊదబోయి తిట్లు తిన్నాను. ఫిల్టర్ కొత్తది వేశాం. గొట్టానికి పగులుగానీ ఎలుక కొరికిన బొక్కగానీ ఉంటే సెన్సర్ దాటాక దొంగగాలి దూరుతుంది, అప్పుడూ లెక్క తప్పుతుందని దాన్నీ తడిమి చూశాడు. మా బండి వేపచెట్టు కింద ఉంటుంది, ఎలుకలకు కొదవలేదు.

ఒక్క మాట. మీది చిన్న పెట్రోలు కారైతే ఈ తీగ సెన్సర్ ఉండకపోవచ్చు. చాలా వాటిలో గాలి ఒత్తిడిని చూసి లెక్కగట్టే వేరే సెన్సర్ ఉంటుంది. ముందు మీ బండి పుస్తకం చూసుకోండి, ఉత్తినే స్ప్రే కొనకండి. తుడిచినా మళ్ళీ అదే కోడ్ వస్తే సెన్సరే పోయుండవచ్చు. మాది పోలేదు. డబ్బాతో కోడ్ చెరిపేశాక పసుపు బొమ్మ మళ్ళీ రాలేదు, టర్బో దాని పని అది చేసుకుంటోంది.

మా ఆయన సారీ చెప్పలేదు. ఆ రాత్రి తాళం తెచ్చి నా పోపుల డబ్బా పక్కన పెట్టి వెళ్ళిపోయారు.

పోయిన వారం అత్తమ్మను కనిగిరికి మళ్ళీ చూపించాలి. ఈయన కూడా బయల్దేరి ముందు సీటు తలుపు తీయబోయారు. అత్తమ్మ ఆయన్ను పక్కకు తోసి తనే ఎక్కి కూర్చుని, “నువ్వు ఎనక్కి పోరా. మొన్న నా కళ్ళకు కట్టు, ఈ పిల్ల ఎట్టా తోలుద్దో చూళ్ళేదు నేను” అంది.

అదే రోడ్డు మీద ఇంకో ట్రాక్టరు వచ్చింది. హారన్ కొట్టి, మూడో గేరు వేసి దాటాను.