మరమ్మతుకు నోచుకోని ఇల్లు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. రెండూ మనిషి శక్తినీ సహనాన్నీ పరీక్షించే కార్యాలే. అయితే పెళ్ళి తరువాత కాపురం ఉన్నట్లే, ఇల్లు కట్టిన తరువాత దానిని నిలుపుకోవడమనే పని ఒకటి ఉన్నది. కట్టిన ఇంటికి గృహప్రవేశం చేస్తారు, బంధువులు వస్తారు, భోజనాలు పెడతారు. కప్పు నేయించిన ఇంటికి ఏ ఉత్సవమూ లేదు. వాన కురిసిన రాత్రి పిల్లలు మేలుకోకుండా నిద్రపోవడమే దానికి ఉత్సవం.

పేదవాని ఇంటి విషయంలో ప్రభుత్వాల దృష్టి కూడా ఎక్కువగా గృహప్రవేశం మీదనే నిలిచినది. గ్రామీణ భూమిలేని వారి ఉపాధి హామీ కార్యక్రమంలో భాగంగా 1985లో ఇందిరా ఆవాస్ యోజన ఆరంభమయింది. 1989లో జవహర్ రోజ్‌గార్ యోజనలో చేరి, 1996 జనవరి 1 నుండి స్వతంత్ర పథకంగా నిలిచింది. 1999-2000లో దానిలో గమనించదగిన మార్పు ఒకటి జరిగింది. నిధులలో 20 శాతం దాకా పాత కచ్చా ఇళ్ళను బాగుచేయడానికి కేటాయించి, ఇంటికి 10,000 రూపాయలు గ్రాంటుగా నిర్ణయించారు. 2008లో ఆ మొత్తం 15,000 అయింది. మైదాన ప్రాంతాలలో కొత్త ఇంటికి అప్పుడు ఇచ్చినది 35,000. మరమ్మతు చిన్న తమ్ముడే అయినా, ఇంట్లో దానికంటూ ఒక కంచం ఉండేది.

2016 ఏప్రిల్ 1 నుండి ఆ పథకం ప్రధానమంత్రి ఆవాస్ యోజన-గ్రామీణ్‌గా రూపాంతరం చెందింది. మైదాన ప్రాంతాలలో ఇంటికి 1,20,000 రూపాయలు, కొండ ప్రాంతాలలో 1,30,000 రూపాయలు. వంటకు తగిన చోటుతో సహా కనీసం 25 చదరపు మీటర్ల వైశాల్యం. సొమ్ము నేరుగా లబ్ధిదారు ఖాతాలోకి. ఇవన్నీ మెచ్చుకోదగిన మార్పులే. కాని పథకం కొత్త ఇంటికే పరిమితమయింది. చిన్న తమ్ముని కంచం తీసివేశారు.

దీని ఫలితం ఎంపిక నియమాలలో కనిపిస్తుంది. 2011 నాటి సామాజిక, ఆర్థిక, కుల గణన ఆధారంగా జాబితాలు తయారయినప్పుడు, గోడ గాని కప్పు గాని పక్కాగా ఉన్న ఇళ్ళనూ, రెండు గదులకు మించిన ఇళ్ళనూ మొదటి వడపోతలోనే తొలగించారు. నిరుపేదకు ముందు ఇల్లు దక్కాలన్న ఉద్దేశం న్యాయమైనదే. అయితే కష్టపడి నాలుగు ఇటుక గోడలు లేపుకొని, పైకప్పుకు డబ్బు చాలక తాటాకు కప్పుకొన్న కుటుంబం మాట ఏమిటి? లెక్క ప్రకారం ఆ ఇంటికి పక్కా గోడలున్నవి. కప్పు కారుతున్నదన్న సంగతి గోడల వెనుక దాగిపోయింది. ఆ కుటుంబానికి కావలసినది లక్షా ఇరవై వేల రూపాయల కొత్త ఇల్లు కాదు. గోడలు తడిసి కూలకముందే ఒక గట్టి కప్పు.

అదే సంవత్సరం జరిగిన జనగణన దేశంలోని నివాస గృహాలను మూడు తరగతులుగా విభజించింది. సుమారు 53 శాతం మంచివి, 41 శాతం నివాసయోగ్యమైనవి, 5 శాతం శిథిలమైనవి. శిథిలమైన ఇంటికి కొత్త ఇల్లే గతి. మంచి ఇంటికి సహాయం అక్కరలేదు. మరమ్మతుకు అసలైన చోటు ఆ నడిమి తరగతి. నేడు నివాసయోగ్యమైన పేద ఇల్లు నాలుగు వానాకాలాలు పట్టించుకోకపోతే శిథిల జాబితాకు ఎక్కుతుంది. అప్పుడు దానికి కొత్త ఇంటి అర్హత లభించవచ్చు. ఇల్లు కూలేదాకా ఆగి, కూలిన తరువాత ఎన్నో రెట్లు ఖర్చు పెట్టడం ఏ గృహస్థూ చేయని పని.

'కచ్చా', 'పక్కా' అన్న మాటలలోనే కొంత చిక్కున్నది. ఒకటి పచ్చిది, మరొకటి పండినది. నడుమ మరేదీ లేనట్లు ధ్వనిస్తుంది. పల్లె మాత్రం ఇంటిని అలా రెండుగా చీల్చలేదు. పూరిల్లు, చుట్టిల్లు, పెంకుటిల్లు, మిద్దె అని దేనికి తగిన పేరు దానికి పెట్టుకొన్నది. ప్రతిదానికీ దాని జబ్బు వేరు, మందు వేరు. తాటాకు కప్పును రెండు మూడేళ్ళకొకసారి నేయాలి. పెంకుటింటి మీద కోతులు తిరిగితే పెంకులు జారుతాయి. వాసాలకు చెద పడుతుంది. రాయలసీమ మట్టిమిద్దె మీద మన్ను చదును తప్పితే నీరు నిలిచి దూలం నానుతుంది. మట్టిగోడ సాధారణంగా పైనుండి కాక అడుగు నుండి చెడుతుంది. చూరు పొట్టిదయితే దాని నుండి పడిన నీరు నేలను తాకి చింది, గోడ మొదలును తినివేస్తుంది. చూరును మూరెడు పొడిగించి, గోడ మొదట రాతి అరుగు కట్టిస్తే ఆ గోడ తరాలు నిలుస్తుంది. ఈ సంగతులు ఊరి తాపీపనివానికీ వడ్రంగికీ తెలిసినవే, కాగితాలకే తెలియవు.

కాగితాల ఇబ్బంది కూడా అర్థం చేసుకోదగినదే. కొత్త ఇంటికి పునాది, గోడలు, కప్పు అని దశలున్నవి. దశకొక ఛాయాచిత్రం, దశకొక వాయిదా. ఏడాది చివర ఇన్ని ఇళ్ళని ఒక సంఖ్య చెప్పవచ్చు. మరమ్మతుకు అటువంటి కొలబద్ద దొరకదు. ఒక ఇంటికి దూలం, మరొక ఇంటికి తలుపు, ఇంకొక ఇంటికి పునాది. పాత గోడకు సున్నం పూసి బిల్లు పెట్టవచ్చునన్న భయం ఉన్నది. ఆ భయం నిరాధారమని అనలేము. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం తప్పని సామెత. మరమ్మతు మంజూరు చేసే అధికారి మాత్రం వాసాలు లెక్కపెట్టక తప్పదు. అందుకు ఇంటింటికీ వెళ్ళే ఓపికా, వెళ్ళి చూసి గుర్తించగల అనుభవమూ కావాలి.

కాలం మరొక చిక్కు. కప్పు పని ఎండలలో జరగాలి; మృగశిర కార్తె ప్రవేశించకముందే ముగియాలి. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలై, కేటాయింపులు మెట్లు దిగి గ్రామానికి చేరేసరికి శ్రావణం వస్తే, ఆ సొమ్ము అప్పటికే కప్పు కోసం తెచ్చిన అప్పుకు వడ్డీగా పోతుంది.

అలాగని ప్రతి పాత ఇంటినీ అతుకులు వేసి నిలబెట్టాలని అనడం కూడా పొరపాటే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలాది ప్రాణాలు పోయినవి. ఆ తీరంలో పూరింటికి వేసే కొత్త తాటాకు రక్షణ అనిపించుకోదు. అక్కడ గట్టి ఇల్లే ధర్మం. ఎక్కడ కట్టాలో, ఎక్కడ బాగుచేయాలో తేల్చే విచక్షణ పథకానికి ఉండాలి.

ఇది అసాధ్యం కాదనడానికి హర్యానా ఒక ఉదాహరణ. అక్కడ డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ పేరిట నడిచిన గృహ నవీకరణ పథకం, కట్టి కనీసం పదేళ్ళయిన పేదల ఇళ్ళ మరమ్మతుకు మొదట 50,000 రూపాయలు ఇచ్చి, తరువాత దానిని 80,000 చేసింది. కొత్త ఇల్లు కట్టించిన ప్రభుత్వానికి కూడా ఈ పాఠం అవసరమే. 1985 తరువాత కట్టిన తొలి పక్కా ఇళ్ళకు నేడు నలభై ఏళ్ళు. శ్లాబులో ఇనుము తుప్పు పట్టి పెచ్చులూడితే పక్కా ఇల్లు కూడా కారుతుంది.

పేదకు ఇల్లు ఇవ్వడం గొప్ప దానం కావచ్చు. ఉన్న ఇంటిని కూలిపోనివ్వకపోవడం అంతకన్న పొదుపైన ధర్మం. తన చేతులతో లేపుకొన్న గోడ మీద మనిషికి ఒక అభిమానం ఉంటుంది. దానిని కూలగొట్టి కొత్తది ఇస్తామనేవారికన్న, "ఈ దూలం మార్చుకో, మిగిలినది నువ్వు కట్టినదే" అని చెప్పి సమయానికి చేయందించేవారు ఆ అభిమానాన్ని ఎక్కువగా గౌరవించినవారవుతారు.