తొట్టిని కడిగి బోర్లించొద్దు

ల్యాబు వరండాలోని చేపల తొట్టి దగ్గర మధ్యాహ్నం బెల్లు కొట్టినంక ఎంత గుంపు ఉంటదో మీకు తెలుసు. చూడవచ్చినోళ్లు అడిగే మాటలు రెండే. "మోటరు లేదు, గాలి గొట్టం లేదు, చేపలు ఎట్ల బతుకుతున్నయి?" అనేది మొదటిది. "పరీక్షలు అయినంక దీన్ని కడిగి బోర్లిస్తరంట గదా?" అనేది రెండోది. మొదటి దానికి జవాబు తెలిస్తే, రెండోది ఎందుకు చెయ్యకూడదో దానంతటదే తెలుస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

తొట్టి పొడవు 2 అడుగులు, వెడల్పు 1 అడుగు, ఎత్తు 1 అడుగు. మన్ను, ఇసుక పోను సుమారు 40 లీటర్ల నీళ్లు పడతాయి. లీటరు నీళ్లు ఒక కిలో తూగుతాయి కాబట్టి గట్టి బల్ల కావాలి. బల్ల మీద థర్మాకోల్ షీటు పరిచి తొట్టి పెట్టినం. బల్ల ఎక్కడన్న ఎత్తుపల్లం ఉంటే అద్దం పగలకుండా అది కాపాడుతుంది.

అడుగున ఒక అంగుళం మందాన చెరువు మన్ను పోసినం. ఎండబెట్టి, జల్లెడ పట్టి, పుల్లలు ఏరేసిన మన్ను. దాని మీద రెండు అంగుళాలు ఆకేరు వాగు ఇసుక. కడిగిన నీళ్లు తేటగా వచ్చేదాక ఇసుకను ఏడెనిమిది సార్లు కడిగినం. మన్ను మొక్కలకు తిండి. ఇసుక ఆ మన్ను లేవకుండా కప్పిన దుప్పటి. దాని మీద సత్తు పళ్లెం పెట్టి, ఆ పళ్లెంలో మెల్లగా నీళ్లు పోస్తే బురద లేవదు. మన నల్లా నీళ్లలో బ్లీచింగు ఉంటది. అందుకే ముందురోజే బకెట్లలో పట్టి ఎండలో పెట్టినం.

మొక్కలు రెండు రకాలు. ఒకటి హైడ్రిల్లా, మనం నాచు అంటం. ఇంకోటి రిబ్బన్‌లాగ పొడుగు ఆకులుండే వాలిస్‌నేరియా. రెండూ మన పాఠంలో ఉన్నవే. హైడ్రిల్లా మీద గరాటు, గరాటు మీద పరీక్షనాళిక బోర్లించి ఎండలో పెడితే బుడగలు వస్తయని చదివినం కదా! ఆ బుడగలే ఇక్కడ చేపలకు ఊపిరి. పదకొండు గంటల వెలుతురులో ఆకుల మీద చూడండి, ముత్యాల్లాగ కనిపిస్తయి. చెరువులోంచి తెచ్చిన మొక్కలను బకెట్లో బాగా జాడించాలి. జలగలు, తూనీగ పిల్లపురుగులు వాటిని పట్టుకొని వస్తయి. ఆ పిల్లపురుగులు చేప పిల్లలను తింటయి.

మొక్కలు నాటినంక నెల రోజులు చేపలు వెయ్యలేదు. "ఉత్త నీళ్లకు కాపలా కాస్తున్నరు" అని కొందరు నవ్విన్రు. ఆ నెలలోనే అసలు పని జరిగింది. చేప విసర్జనలో అమ్మోనియా ఉంటది, అది చేపకే విషం. నైట్రోసోమోనాస్ లాంటి బాక్టీరియాలు దాన్ని నైట్రైటుగా మారుస్తయి. అదీ విషమే. నైట్రోబాక్టర్ లాంటివి దాన్ని నైట్రేటుగా మారుస్తయి. నైట్రేటును మొక్కలు ఎరువుగా తీసుకుంటయి. ఈ బాక్టీరియాలు నీళ్లలో కంటే ఇసుక రేణువుల మీద, ఆకుల మీద ఎక్కువగా కాపురముంటయి. అవి పెరగడానికి వారాలు పడుతుంది.

ఇది కొత్త సంగతి కాదు. లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త 1850లోనే దీన్ని చేసి చూపించాడు. వాలిస్‌నేరియా మొక్కతో రెండు గోల్డ్‌ఫిష్‌లను పెంచాడు. కుళ్లిన ఆకులతో నీళ్లు పాడవుతుంటే నత్తలను వేశాడు. అవి కుళ్లును తిని నీళ్లను తేట చేసినయి. మన తొట్టిలో ఆరు పరకలతో పాటు నాలుగు నత్తలు ఎందుకున్నయో ఇప్పుడు తెలిసిందా?

చేపలను తెచ్చిన రోజు కవరు విప్పి గుమ్మరించలేదు. కవరును అట్లనే తొట్టి నీళ్ల మీద పావుగంట తేలనిచ్చినం. తర్వాత కొంచెం కొంచెం తొట్టి నీళ్లు కవరులో కలిపి, చివరికి వదిలినం. ఒక్కసారిగా నీళ్లు మారితే చేప తట్టుకోలేదు. మొదటి రెండు రోజులు ఆరూ ఆకుల చాటునే ఉన్నయి. తిండి వేసినా రాలేదు. ఐదో తరగతిలో చేరిన కొత్తలో మనం ఎట్లున్నమో యాది చేసుకోండి.

ఇక రోజువారీ పని. రెండు నిమిషాల్లో తినగలిగినంత తవుడే వెయ్యాలి, అది కూడా చిటికెడే. అన్నం మెతుకులు అసలే వెయ్యొద్దు, కుళ్లుతయి. దోమ పిల్లలు దొరికితే వెయ్యండి, చేపలకు పండుగ. వారానికి ఒక బకెట్, అంటే 10 లీటర్లు తీసి, ముందురోజు పట్టిన నీళ్లు పోస్తం. తీసిన నీళ్లు కరివేపాకు చెట్టుకు. అద్దానికి పట్టిన పాచిని ఆదివారం గుడ్డతో తుడుస్తం. మొక్కలు మరీ గుబురైతే కత్తిరిస్తం. ఎందుకంటే రాత్రి మొక్కలు కూడా ఆక్సిజన్ వాడుకుంటయి. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోరు తెరుస్తుంటే గాలి చాలట్లేదని గుర్తు.

రంగు చేపలు కావాలని చాలామంది అడుగుతున్నరు. గోల్డ్‌ఫిష్ పెద్దగా పెరుగుతుంది, 40 లీటర్లు దానికి ఇరుకు. అద్దాలకు అతుక్కునే సక్కర్ చేప అడుగు దాటి పెరుగుతుంది. పెంచలేక దాన్ని తీసుకపోయి చెరువులో వదిలితే ఇంకా నష్టం. గుర్రపుడెక్క కూడా దక్షిణ అమెరికా నుంచి అందం కోసం తెచ్చిన మొక్కే. అది కప్పిన చెరువులో వల వెయ్యడం ఎంత కష్టమో చేపలు పట్టే ఇండ్లల్లో పిల్లలకు చెప్పక్కర లేదు.

ఇప్పుడు రెండో మాటకు వస్తాను. తొట్టిని కడిగి ఇసుక ఎండబెడితే కంటికి కనబడని ఆ బాక్టీరియా అంతా చస్తుంది. జూన్‌లో మళ్లీ మొదటికే వస్తం. నీళ్లు మార్చినా ఏం కాదు గానీ ఇసుకను కదపొద్దు.

వార్డెన్ సార్‌కు మా మనవి. ఎండాకాలంలో నీళ్లు వేడెక్కితే అందులో నిలిచే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు నిలిస్తే, 30 దగ్గర ఏడున్నరే నిలుస్తుంది. అందుకని తొట్టిని లోపలి గదిలో కిటికీ పక్కకు జరిపి, పడమటి ఎండ తగలకుండా తడి గోనెసంచి కట్టనివ్వండి. జరిపే రోజు నీళ్లు సగానికి పైగా బకెట్లలోకి తీసి, చేపలను అందులోనే ఉంచి, నలుగురం కలిసి మోస్తం. సెలవుల్లో ఇక్కడే ఉండే వాచ్‌మన్ అన్నను అడిగినం. "రోజు మార్చి రోజు చిటికెడు తవుడు, తగ్గినన్ని నీళ్లు. గంతేనా? నేను చూసుకుంట" అన్నడు. పట్టిపెట్టిన నీళ్ల బకెట్ ఏదో ఎర్ర రంగుతో గుర్తు పెట్టి పోతం.

జూన్‌లో ఐదో తరగతికి కొత్త తమ్ముళ్లు వస్తరు. మొదటి వారం ఎవరితోనూ మాట్లాడరు, గేటు దిక్కే చూస్తరు. పోయిన ఏడాది వచ్చిన ఒక తమ్ముడు అన్నం బెల్లు కొట్టినా ఈ తొట్టి దగ్గరే నిలబడేవాడు. వారం రోజుల తర్వాత మాతోని వాడు మాట్లాడిన మొదటి మాట, "అన్నా, ఒకటి తక్కువున్నది." లెక్కపెడితే ఆరోది ఆకుల వెనుక ఉన్నది. రేపు వచ్చేటోళ్లకు కూడా లెక్కపెట్టుకోవడానికి ఆరు చేపలు ఉండాలె.

– 9వ తరగతి విద్యార్థి