చెవిలో హోరు

తిరునాళ్లకు పెనుగంచిప్రోలులో డప్పులు, మైకులు మోగుతుంటే నా చెవులు హాయిగా ఉంటాయి. లోపలి కీచురాయి రొద ఆ సందట్లో వినపడదు. రాత్రి ఊరు సద్దుమణిగాకే అసలు బాధ.

మా బాబాయికి అలా కాదు. సిమెంటు మిల్లు దగ్గర ఏళ్లతరబడి పనిచేసినాయన. డప్పు దగ్గర కాసేపు నిలబడితే చాలు, హోరు పెరిగి మర్నాటిదాకా తగ్గదు. ఇయర్ ప్లగ్గులు లేకుండా గుడివైపు రాడు. పెద్దమ్మకేమో కుక్కర్ విజిల్, అదీ ఎడమ చెవిలోనే. ఒక్క చెవిలోనే వినిపించినా, నాడితోపాటు కొట్టుకున్నా డాక్టరుకు చూపించి తీరాలి. అందుకే ఆమెను నందిగామ తీసుకెళ్తున్నా.

ఈ తేడాలు మనవాళ్లు ఎప్పుడో పట్టుకున్నారు. మాధవ నిదానం అనే పాత ఆయుర్వేద గ్రంథంలో భేరి, మృదంగం, శంఖంలా వినిపిస్తే కర్ణనాదం, వేణువులా వినిపిస్తే కర్ణక్ష్వేడం. లోపలి చెవిలోని సన్నటి కణాలు దెబ్బతిని శబ్దం సరిగా అందకపోతే, ఆ లోటును మెదడే పూరించుకోబోతుందని ఇప్పటి పరిశోధకులు చాలామంది అంటున్నారు. నాకు ఫ్యాన్ చప్పుడు, సన్నగా రేడియో ఉంటే నిద్ర పడుతుంది. బాబాయికి అదే రేడియో చిరాకు.

"పట్టించుకోకు, అదే పోతుంది" అని మాత్రం దయచేసి ఎవరికీ చెప్పకండి. మీలో ఎవరికైనా ఉంటే, మీకు వినిపించేది ఎలాంటి శబ్దమో, ఏం చేస్తే సర్దుకుంటోందో రాయండి. పెద్దమ్మకు చదివి వినిపిస్తాను.