గాలి పైకే పోతుంది

ఘాట్ రోడ్డు ఎక్కి దిగే మన్యం వాళ్లకు బండి ఇంజను కన్నా బ్రేకే ముఖ్యం. ఈ సంగతి మాకు బాగా తెలుసనుకున్నాం.

మా బావ జీపు తారు రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి కొండ ఊళ్లకు తిరుగుతుంది. రాళ్ల దారిలో ముందు చక్రాల స్టీరింగ్ నకిల్స్ పాడైతే, కంపెనీవి కాకుండా బయట తయారైన గట్టి నకిల్స్ కొన్నాడు. ఎలాగూ విప్పుతున్నారు కదా, పెద్ద బ్రేక్ కాలిపర్లు వేయించమని సలహా ఇచ్చింది మేమే.

షెడ్డులో పనిచేసేది మా ఆశ్రమ పాఠశాల కుర్రాడే. పదో తరగతి తప్పాడు. బోల్టు రంధ్రాలు కలవగానే పని అయిపోయిందనుకున్నాం. వాడు మాత్రం కాలిపర్ మధ్యలోకి డిస్క్ వచ్చిందా, రిమ్ము రాసుకుంటోందా, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పితే బ్రేక్ హోస్ బిగుసుకుంటోందా అని ఒక్కొక్కటీ చూశాడు.

అంతా అయ్యాక నొక్కితే పెడల్ మెత్తగా అడుక్కి దిగిపోయింది. ఎన్నిసార్లు ఎయిర్ తీసినా అంతే. మర్నాడు పదో తరగతి పరీక్ష. సెలవుకి ఇళ్లకు వెళ్లిన పిల్లలను కొండ మీద నుంచి దింపాలి. "మెల్లగా వెళ్తాంలే, ఇచ్చెయ్" అని గద్దించాం. "ఇవ్వను మాస్టారూ" అని తాళం జేబులో వేసుకున్నాడు.

కోపంతోనే కొండెక్కాం. పిల్లలతో నడిచి దిగేసరికి చీకటి పడింది.

మర్నాడు షెడ్డుకి వెళ్తే తప్పు దొరికిందన్నాడు. కుడి కాలిపర్ ఎడమకి, ఎడమది కుడికి పడ్డాయి. సాయం చేస్తామని వాటిని అందించింది మేమే. పైన ఉండాల్సిన ఎయిర్ తీసే నిప్పిల్ కిందికి వచ్చింది. "గాలి పైకే పోతుందని మీరే చెప్పారు కదా" అన్నాడు.

మార్చి బిగించాక మెత్తదనం పోయింది. అయినా పెడల్ లోతుగానే దిగుతోంది. పెద్ద పిస్టన్ కదలాలంటే ఆయిల్ ఎక్కువ కావాలి. పాత మాస్టర్ సిలిండర్ ఒక్క తొక్కులో అంత పంపలేదు. సరిపడేది వేసి, చదునైన చోట ఖాళీ బండిని మెల్లగా నడిపి, ఆపి చూశాకే తాళం ఇచ్చాడు.

పాస్కల్ నియమానికి చిన్న పిస్టన్, పెద్ద పిస్టన్ బొమ్మ ఏళ్ల తరబడి బోర్డు మీద వేశాం. పెద్దదానికి బలం ఎక్కువని చెప్పాం. అది కాస్త కదలడానికి చిన్నది ఎంత దూరం పోవాలో పిల్లలను ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు ఆ పాఠానికి పిల్లలను షెడ్డుకే తీసుకెళ్తున్నాం. చెప్పేది వాడు, వినేది మేమందరం.

వాడిని పదో తరగతి తప్పినవాడని పరిచయం చేయడం మానేశాం.