కొలరాడోలో పరుగు

కొలరాడోలో కాలేజీ క్రాస్ కంట్రీ అనగానే అందరూ బౌల్డర్ పేరే చెప్తారు. తప్పేం లేదు. కాలేజీ క్రీడల్లో పై మెట్టయిన డివిజన్ వన్‌లో అక్కడి కొలరాడో యూనివర్సిటీ మగపిల్లల జట్టు 2013, 2014 వరసగా జాతీయ టైటిల్ కొట్టింది. 2011లో 1500 మీటర్ల ప్రపంచ ఛాంపియన్ జెన్నీ సింప్సన్ అక్కడ చదివిన అమ్మాయే.

కానీ నా మనసు మాత్రం అలమోసా మీదే. రాష్ట్రానికి దక్షిణాన, సముద్రమట్టానికి ఏడున్నర వేల అడుగుల ఎత్తులో, చలికి పేరుబడ్డ చిన్న ఊరు. అక్కడి ఆడమ్స్ స్టేట్ డివిజన్ టూ కాలేజీ. క్రాస్ కంట్రీలో జట్టు నుంచి మొదటి ఐదుగురి స్థానాలు కలుపుతారు, ఎంత తక్కువొస్తే అంత గొప్ప. 1992 జాతీయ పోటీల్లో ఆడమ్స్ స్టేట్ కోచ్ జో విజిల్ శిష్యులు ఒకటి నుంచి ఐదు దాకా అన్ని స్థానాలూ వాళ్ళే పట్టేశారు. మొత్తం 15! అంతకంటే తక్కువ రావడం అసాధ్యం. ఆ గాలిలో ఆక్సిజన్ తక్కువ, ఆ గురువులో శ్రద్ధ ఎక్కువ. అమెరికా రన్నర్ డీనా కాస్టర్ కూడా ఆయన దగ్గర తయారయ్యే 2004 ఏథెన్స్ మారథాన్‌లో కాంస్యం తెచ్చుకుంది.

గోల్డెన్ ఊళ్ళోని కొలరాడో స్కూల్ ఆఫ్ మైన్స్ కూడా డివిజన్ టూనే. ఇంజినీరింగ్ చదువుతూనే పిల్లలు 2015లో టైటిల్ గెలిచారు. కొలరాడో కాలేజీ జట్టు డివిజన్ త్రీ, అక్కడ పరుగు పేరు మీద స్కాలర్‌షిప్పే ఉండదు. అయినా పరిగెడతారు.

డెన్వర్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళకి ఒక్క మాట: మీ పిల్లలు పరిగెడుతుంటే డివిజన్ నంబర్ చూసి కాలేజీని కొట్టిపారేయకండి. ఒక్కసారి అలమోసా తీసుకెళ్ళి చూపించండి.