భ్రమ, సంభ్రమం

మన భాషలో తల పలు విధాలుగా తిరుగుతుంది. పొగరెక్కినవాడికి తల తిరుగుతుంది. లెక్క తేలని విద్యార్థికీ తల తిరుగుతుంది. ఆకలితో ఉన్నవాడికి కళ్ళు తిరుగుతాయి. ఎండన పడి నడిచినవాడికి కళ్ళు బైర్లు కమ్ముతాయి. కృష్ణాతీరపు పల్లెల్లో మా పెద్దవాళ్ళు వీటన్నింటినీ కలిపి ‘పైత్యం చేసింది’ అని ఒక్క మాటలో తేల్చి, నిమ్మకాయ నీళ్ళో శొంఠి కషాయమో చేతికిచ్చేవారు. ఆ పైత్యమనే మాటకు తిక్కచేష్ట అనే అర్థాన్ని కూడా మనవాళ్ళే అంటగట్టారు. సంస్కృతంలో ‘భ్రమ్’ ధాతువుకు తిరుగుట అని అర్థం. పువ్వు చుట్టూ తిరిగేది భ్రమరం. భూమి తన చుట్టూ తాను తిరగడం భ్రమణం. లేనిది ఉన్నట్లు తోచడం భ్రాంతి. మనసు కుదురు తప్పి తొట్రుపడడం సంభ్రమం. తెలుగులో అది క్రమంగా సంతోషం వైపు జరిగింది గాని, మొదటి అర్థంలో కలవరపాటే ఎక్కువ. చరకసంహితలో వాతవికారాలను ఎనభైగా లెక్కించిన చోట భ్రమ ఉన్నది. విషాదం, నిద్రలేమి, చిత్తం నిలకడ తప్పడం కూడా అదే పట్టికలో ఉన్నాయి. తల తిరగడాన్నీ, మనసు చెదరడాన్నీ ప్రాచీనులు ఒకే ఇంట కాపురముంచారు.

ఈ సంగతిని చాలా ఏళ్ళు తరగతిలో నిఘంటువు విషయంగా చెబుతూ వచ్చాను. నా 52వ ఏట అది నా శరీరానికి సంబంధించిన విషయమైంది.

ఒక వేకువజామున పక్క మీద కుడివైపుకు ఒత్తిగిల్లాను. పైకప్పు, పంకా, కిటికీ, గోడనున్న క్యాలెండరు అన్నీ గిర్రున తిరిగాయి. అర నిమిషంలోపే ఆగిపోయాయి. ఆ అర నిమిషంలోనే ఒళ్ళంతా చెమట పట్టింది. వాంతి అయినంత పనైంది. గుండె చప్పుడు చెవులకు వినిపించింది. పక్షవాతమని ఒకసారి, మెదడులో గడ్డ అని మరొకసారి అనుకుంటూ తెల్లవారేదాకా కదలకుండా కూర్చున్నాను.

వైద్యుడు అడిగిన మొదటి ప్రశ్న నాకు నచ్చింది. “మీరు తిరిగినట్లనిపించిందా మాస్టారూ, గది తిరిగినట్లనిపించిందా?” అన్నాడాయన. కర్త ఎవరని వ్యాకరణ పండితుడు అడిగినట్లే ఉంది. కళ్ళు చీకట్లు కమ్మి పడబోవడం వేరు, నేల నిలకడ లేనట్లు తూలడం వేరు, నిలిచి ఉన్న లోకం తిరగడం వేరు. మొదటిది తరచుగా రక్తపోటుకో, ఆకలికో, రక్తహీనతకో సంబంధించినది. మూడవది ఎక్కువగా లోపలి చెవిది. మాట తడబడినా, కాలుచేతులు పట్టు తప్పినా, ఒకటి రెండుగా కనిపించినా మాత్రం ఏ విచారణా పెట్టుకోక వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలని ఆయన చెప్పాడు. నాలో ఆ లక్షణాలేవీ లేవు.

బ్యారేజీ దగ్గర కృష్ణ నీళ్ళను అందుకొని బందరు, ఏలూరు, రైవస్ కాలువలు మూడూ బెజవాడ నడుమ నుంచి పారుతున్నాయి కదా! లోపలి చెవిలోనూ మూడు కాలువలున్నాయి. అర్ధవలయాకారంలో, ఒకదానికొకటి దాదాపు లంబంగా అమరి ఉంటాయి. తల ఎటు తిరిగినా వాటిలోని ద్రవం కదిలి, ఆ వార్తను మెదడుకు చేరవేస్తుంది. పక్కనే ఉన్న చిన్న సంచిలో సన్నని స్ఫటికాలుంటాయి. గుల్లసున్నం కోసం కాల్చే నత్తగుల్లల్లో ఉన్న కాల్షియం కార్బొనేటే వాటిలోనూ ఉన్నది. వయసు వల్లనో దెబ్బ వల్లనో ఆ స్ఫటికాలు ఊడి కాలువలో పడితే పూడిక చేరినట్లే. తల కదిలించినప్పుడల్లా ఆ పూడిక ద్రవాన్ని అదనంగా కదుపుతుంది. మెదడు లోకమే తిరుగుతోందని నమ్ముతుంది.

ఈ కాలువల మర్మాన్ని విప్పినవారిలో వియన్నాకు చెందిన రాబర్ట్ బరానీ ముఖ్యుడు. రోగుల చెవులు కడిగేటప్పుడు నీళ్ళు చల్లగా ఉంటే వారి కనుగుడ్లు ఒకవైపు, వెచ్చగా ఉంటే మరొకవైపు కొట్టుకోవడం ఆయన కనిపెట్టాడు. 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చిందన్న కబురు చేరేనాటికి ఆయన రష్యన్ల చేతిలో యుద్ధఖైదీ.

నా చెవిలోని పూడికను తీయడానికి పది నిమిషాలు పట్టింది. ఏ చెవిలో ఉందో ముందు తేల్చి, తలను ఒక వరుసలో తిప్పుతూ, పడుకోబెట్టి లేపితే స్ఫటికాలు తమ చోటికి జారిపోతాయి. ఎప్లీ అనే అమెరికా వైద్యుడు 1992లో ప్రకటించిన పద్ధతి ఇది. కోత లేదు, మందు లేదు.

పూడిక పోయింది గాని భయం పోలేదు. నా అసలు కథ ఇక్కడే మొదలైంది.

నల్లబల్ల మీద పద్యం రాసి తరగతి వైపు తిరగడం ఉపాధ్యాయునికి ఊపిరి తీయడం వంటిది. ఆ తిరగడానికే నాకు జంకు పట్టుకుంది. మెడ బిగబట్టి, కర్రబొమ్మలాగా ఒళ్ళంతా ఒకేసారి తిప్పేవాణ్ణి. మెడ బిగిస్తే తల మరింత దిమ్ముగా ఉండేది. దిమ్ము తోచగానే భయం. భయపడితే ఊపిరి వేగం. ఊపిరి వేగమైతే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి, మెదడుకు రక్తం సన్నగిలి, మళ్ళీ దిమ్ము. ఏతానికి ఆగే చోటైనా ఉంటుంది. ఈ చక్రానికి అదీ లేదు. శరీరపు సమతూకాన్ని చూసే నాడీకేంద్రాలకూ, భయాన్నీ గుండెదడనూ నడిపే కేంద్రాలకూ మెదడులో దగ్గరి దారులున్నాయట. మొదటి కారణం తొలగిపోయాక కూడా మూడు నెలలకు మించి ఇలా సాగే స్థితికి బరానీ పేరుతోనే ఉన్న వైద్యసంఘం 2017లో లక్షణాలు నిర్ణయించింది. అది నటన కాదు, పిచ్చి కాదు, చెవి రోగమూ కాదు. కాపలా మానలేని మెదడు.

విజయవాడ స్టేషనులో ఆగిన రైల్లో కూర్చున్నప్పుడు పక్క పట్టాల మీది బండి కదిలితే, మనమే కదిలినట్లు తోస్తుంది. కన్ను ఒకటి చెబుతుంది, చెవి ఇంకొకటి చెబుతుంది. మెదడు ఒక క్షణం తికమకపడి తీర్పు చెబుతుంది. కలత లేనివాడు నవ్వుకొని ఊరుకుంటాడు. కలతలో ఉన్నవాడికి ఆ క్షణమే పెద్ద సాక్ష్యం.

ఈ చక్రంలో పడడానికి వయసు అక్కర లేదు. ఒక సంవత్సరం పరీక్షల ముందు మా తరగతి అమ్మాయి ఒకతె రోజూ తల తిరుగుతోందని బల్ల మీద వాలిపోయేది. చెవులు బాగున్నాయి, రక్తం బాగుంది. రాత్రి రెండింటిదాకా చదువు, ఉదయం తిండి లేదు, ర్యాంకు తగ్గితే ఇంట్లో ఏమంటారోనన్న దిగులు. “మాస్టారూ, అందరూ నటిస్తున్నానంటున్నారండీ” అని ఏడ్చింది. కాదమ్మా, నీ తల నిజంగానే తిరుగుతోందని చెప్పిన మొదటి మనిషిని నేనేనట! ఆ మాటతోనే సగం తెప్పరిల్లింది. మిగిలిన సగానికి నిద్ర, వేళకు అన్నం, నెమ్మదిగా ఊపిరి విడవడం, ఒక మానసిక వైద్యురాలి దగ్గర కొన్ని వారాల మాటలు కావలసివచ్చాయి.

నాకు కావలసివచ్చింది కదలిక. తలతిరుగుడు మాత్రలు తొలి రోజులకే. ఎక్కువకాలం మింగితే మెదడు సర్దుకోవడం ఆలస్యమవుతుంది. 1940లలో ఇంగ్లండులో కాథోర్న్, కుక్సీ అనే వైద్యులు తలకు గాయాలైనవారి కోసం కొన్ని అభ్యాసాలు కూర్చారు. ముందు కళ్ళు, తరవాత తల, ఆపైన లేచి నిలవడం, బంతి చేతులు మార్చడం, మెట్లెక్కడం. ఏ కదలికకు తల తిరుగుతుందో ఆ కదలికనే కొద్దికొద్దిగా చేయించడం వాటి కీలకం. భయపడే పనికి భయం తీరేదాకా మెల్లగా అలవాటు పడడం మానసిక వైద్యులూ చెప్పేదే. రెండు శాస్త్రాలు వేరు వేరు దారుల్లో వచ్చి ఒకే గుమ్మం దగ్గర కలుసుకోవడం నాకు ముచ్చటగా అనిపించింది.

నేను ఎంచుకున్నది ప్రకాశం బ్యారేజీ. 1957లో వాడుకలోకి వచ్చిన ఆ కట్టడం పొడవు కిలోమీటరు దాటుతుంది, గేట్లు 70. అంచున నిలిచి పారే నీటిని చూస్తే నీరు నిలిచి, బ్యారేజీయే ఎదురీదుతున్నట్లుంటుంది, ఆరోగ్యవంతుడికైనా అంతే. మొదటి వారం పదో గేటు దాకా నడిచి, పిట్టగోడ పట్టుకొని, తల అటూ ఇటూ తిప్పి వెనుదిరిగాను. రెండో వారం ఇరవై. ఒకనాడు ముప్పై దగ్గర తల తిరిగింది. నిలబడి, ఊపిరి లెక్కపెట్టుకొని, తగ్గాక మరి అయిదు గేట్లు నడిచాను. సీతానగరం ఒడ్డు చేరడానికి మూడు నెలలు పట్టింది. ఇప్పుడు చాలా సాయంత్రాలు అవతలి ఒడ్డుకు వెళ్ళి వస్తున్నాను. వరద రోజుల్లో మాత్రం కిందికి చూడను. ఎదురుగా కొండను చూస్తూ నడుస్తాను.