ఆరు థౌల సందు

అమెరికాలో తుపాకుల చరిత్ర చెప్పుకోవాలంటే మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి మొదలుపెట్టాలి. 1794లో అక్కడ ప్రభుత్వ ఆయుధ కర్మాగారం వెలిసింది. ఒక తుపాకీ భాగం ఊడదీసి ఇంకో తుపాకీకి పెడితే ఆకురాయి అవసరం లేకుండా కూర్చోవాలని అక్కడి పనివాళ్లు దశాబ్దాల పాటు గేజులతోనూ యంత్రాలతోనూ కుస్తీ పట్టి, 1840ల నాటికి సాధించారు. 1968లో ప్రభుత్వం ఆ కర్మాగారాన్ని మూసేసింది. ఇప్పుడది మ్యూజియం. సరిగ్గా అదే ఏడాది, అక్కడికి కారులో అరగంట దూరంలో ఉన్న మాన్సన్ అనే చిన్న ఊళ్లో డాన్ వెసన్ సొంత కంపెనీ పెట్టాడు. స్మిత్ అండ్ వెసన్ స్థాపకుల్లో ఒకరైన డేనియల్ వెసన్‌కి ఈయన మునిమనవడు. ముత్తాత పేరు మీద నడిచే కంపెనీ స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే ఉండగా మునిమనవడు పక్క ఊళ్లో పోటీ దుకాణం తెరిచాడన్నమాట. ఆయన చేతిలో ఉన్న కొత్త సరుకు ఒక్కటే: ఇంట్లో కూర్చుని ఎవరికి వాళ్లు బ్యారెల్ మార్చుకోగల రివాల్వర్. దాన్ని రూపొందించింది కార్ల్ లూయిస్ అనే డిజైనర్.

నేను చూడ్డానికి వెళ్లిన ఆ స్ప్రింగ్‌ఫీల్డ్ మ్యూజియంలో మస్కెట్లు నిలువుగా పేర్చిన పెద్ద చట్రం ముందు జనం ఫొటోలు దిగుతున్నారు. నేనూ దిగాను. అయితే నేను చూడాలనుకున్నది అద్దాల వెనక ఉండే సరుకు కాదు. వయసులో ఉండగా విజయవాడ ఆటోనగర్‌లో లేతు మీద పనిచేసినవాణ్ణి. అరిగిన వస్తువు బల్ల మీద ఊడిపడి ఉంటే తప్ప నాకు తృప్తి ఉండదు. మా మేనల్లుడికి ఆ సంగతి తెలుసు. "మామయ్యా, మా షూటింగ్ రేంజి వాళ్ల తుపాకులు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నాడు. రేపు డాన్ వెసన్‌కి బ్యారెల్ మారుస్తాడట, వస్తావా?" అన్నాడు.

ఇంటి వెనక గ్యారేజీయే ఆయన షెడ్డు. పాత లేతు, వైసు బిగించిన బల్ల, గోడకి వేలాడే రీమర్లు, కటింగ్ ఆయిల్ వాసన. గుమ్మంలోనే ఆయన ఒక మాట చెప్పాడు: "చూడండి, అడగండి, తుపాకీని మాత్రం ముట్టుకోకండి." విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లు, కొద్ది మినహాయింపులు తప్ప, ఆయుధం దగ్గర ఉంచుకోకూడదని అక్కడి కేంద్ర చట్టం. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

బల్ల మీద ఉన్నది .357 మాగ్నమ్ తూటా పేల్చే మోడల్ 15. మామూలు రివాల్వర్లలో సిలిండర్ తెరిచే మీట వెనక, బొటనవేలి దగ్గర ఉంటుంది. దీనికి సిలిండర్ ముందు, దాన్ని మోసే క్రేన్ మీద ఉంది. పెద్దాయన సిలిండర్ తెరిచి ఆరు అరల్లోకీ చూశాడు, వేలు పెట్టి తడిమాడు, మా మేనల్లుడికీ చూపించాడు. అయినా బ్యారెల్ విప్పబోయే ముందు మళ్లీ చూశాడు.

తుపాకీ గొట్టం అరిగిందంటే లోపల మెలితిరిగిన రైఫ్లింగ్ గాడులు అరిగాయని అనుకుంటాం. రైఫిళ్ల సంగతి వేరు గానీ, రివాల్వర్‌లో గాడులు అంత తొందరగా పోవు. జబ్బు వచ్చేది వెనక కొసన. రివాల్వర్ నిర్మాణంలోనే ఒక సందు ఉంది. సిలిండర్ తిరగాలి, బ్యారెల్ కదలకూడదు. కాబట్టి రెండింటి మధ్య ఖాళీ వదలక తప్పదు. తూటా అరలోంచి బయల్దేరి ఆ సందు దాటి, ఫోర్సింగ్ కోన్ అనే గరాటు ఆకారపు నోట్లోంచి బ్యారెల్లోకి దూరుతుంది. దాని వెనకే మండే వాయువు. .357 మాగ్నమ్‌కి గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు. ఆ వాయువులో కొంత, కాలని మందు రేణువులతో సహా, సందులోంచి పక్కలకి చిమ్ముతుంది. కోన్ అంచునీ, పైనున్న ఫ్రేమ్ పట్టీనీ కొద్దికొద్దిగా కొరికేస్తుంది.

ఆయన బ్యారెల్ ఊడదీసి గుడ్డ మీద పెట్టి, భూతద్దం దాని మీదికి జరిపాడు. వంగి చూశాను. కోన్ లోపలి గోడ నున్నగా ఉండాల్సింది, సన్నసన్నటి బీటలు అడ్డదిడ్డంగా అల్లుకుని ఉంది. నోటి అంచు ఒకవైపు గుండ్రం పోయి రంపపు పన్నులా తేలింది. నాలుగు అంగుళాల అవతల గాడులు మాత్రం కొత్తవాటిలా మెరుస్తున్నాయి. "తేలిక తూటాలకి ఎక్కువ మందు పట్టించి కాలుస్తారు, వీటికి అదే శత్రువు," అన్నాడు. స్మిత్ అండ్ వెసన్ వాళ్ల మోడల్ 19కి కూడా 125 గ్రెయిన్ల తూటాలతో ఇదే పేరు వచ్చింది. అందులో బ్యారెల్ అడుగున, క్రేన్‌కి చోటు కోసం చదును చేసిన పలచటి భాగం ఉంటుంది. పగులు అక్కడ వచ్చేది.

మామూలు రివాల్వర్‌కి ఇలా అయితే పెద్ద పని. బ్యారెల్ ఫ్రేములోకి బలంగా బిగిసి ఉంటుంది. సరైన దిమ్మెలూ రెంచీ లేకుండా తిప్పితే ఫ్రేము మెలితిరుగుతుంది, ఒక్కోసారి పగులుతుంది. కొత్తది బిగించాక ఫ్రంట్ సైటు నిటారుగా నిలబడాలి, వెనక కొసని సందుకి సరిపడా కోయాలి, కోన్ మళ్లీ రీమర్‌తో తీర్చాలి.

డాన్ వెసన్ దారి వేరు. అసలు బ్యారెల్ సన్నటి గొట్టం, రెండు కొసలా మరలు. దాని మీద ష్రౌడ్ అనే తొడుగు, ఆ తొడుగు మీదే ఫ్రంట్ సైటు. మూతి దగ్గర ఒక నట్టు. లారీ ఇంజనుకి బ్లాకు పారేయకుండా లైనరు మార్చినట్టే ఇది కూడా. ఖరీదైన భాగం అలాగే ఉంటుంది, అరిగేది ఊడొస్తుంది.

కొత్త బ్యారెల్‌ని ఆయన వేళ్లతోనే తిప్పి ఎక్కించాడు. ఇక్కడ ఫీలర్ గేజ్ తీశాడు. టాపెట్లు సెట్ చేసిన ఏ మెకానిక్ అయినా ఆ రేకుని చూడగానే గుర్తుపడతాడు. ఆరు థౌలు, అంటే అంగుళంలో వెయ్యో వంతులు ఆరు, మిల్లీమీటర్లలో 0.15. కంపెనీ తుపాకీతో పాటు ఇచ్చేది ఆ మందమే. రేకుని సిలిండర్ ముఖానికి ఆనించి, బ్యారెల్ కొస దాన్ని తాకేదాకా తిప్పాడు. రేకు రావాలి, కానీ ఈడ్చుకుంటూ రావాలి. తర్వాత తొడుగు జార్చి, ఫ్రేములోని పిన్నుకి సరిపెట్టి, మూతి నట్టు బిగించాడు. ఆ బిగింపుతో లోపలి గొట్టం రెండు కొసలా పట్టుబడి సాగదీసినట్టు నిలుస్తుంది. ఈ రివాల్వర్ల గురి బాగుంటుందని పేరు రావడానికి ఆ లాగుడు కూడా ఒక కారణమని ఆయన నమ్మకం. నాకూ సబబుగానే తోచింది.

పని అయిపోయిందనుకున్నాను. ఆయన సిలిండర్‌ని ఒక్కో అర తిప్పుతూ ఆరుసార్లూ గేజ్ పెట్టి చూశాడు. ఒక అర దగ్గర రేకు బిగుసుకుంది. సిలిండర్ ముఖం అన్నిచోట్లా ఒకే మట్టంలో ఉండదు. నట్టు వదులు చేసి, ఆ ఎత్తైన అర దగ్గరే మళ్లీ సెట్ చేశాడు. సందు మరీ తక్కువైతే మసి పట్టి, వేడికి ఉబ్బి సిలిండర్ తిరగడం మానేస్తుంది. ఎక్కువైతే తూటా వేగం తగ్గుతుంది, పక్కన నిలబడ్డవాడి మీద నిప్పురవ్వలు పడతాయి.

"సిలిండరే ముందుకీ వెనక్కీ ఆడుతుంటే?" అన్నాను.

ఆయన నా వైపు తిరిగి నవ్వాడు. "అప్పుడు గేజ్ చెప్పేదంతా అబద్ధం. ముందు ఆ ఆట తీయాలి. అర బ్యారెల్‌కి ఎదురుగా సరిగ్గా ఆగకపోయినా అంతే, కొత్త కోన్ కూడా వారం తిరక్కుండా చెడుతుంది. జనం బ్యారెల్ కొనుక్కుని వస్తారు, జబ్బు లోపల ఉంటుంది."

కంపెనీ వాళ్లు దీన్ని అమ్మింది మాత్రం మరమ్మతు పేరు చెప్పి కాదు. పిస్టల్ ప్యాక్ అని ఒక పెట్టెలో పొట్టివీ పొడుగువీ నాలుగు బ్యారెళ్లు సర్ది, ఇంటికి ఇది, పందేనికి అది అన్నారు. నా లెక్కలో అది అమ్మకపు ముచ్చటే. దీని అసలు విలువ తెలిసింది ఇనుప బొమ్మలు పడగొట్టే సిల్హౌట్ పోటీలవాళ్లకి. కోడి, పంది, టర్కీ, పొట్టేలు, చివరిది 200 మీటర్ల దూరంలో. దాన్ని పడగొట్టాలని 1980ల్లో .357 మాగ్జిమమ్ అనే మరింత పొడవాటి తూటా తెచ్చారు. రూగర్ కంపెనీ దానికి చేసిన రివాల్వర్‌లో ఫ్రేమ్ పట్టీ కోసుకుపోతోందని గొడవై తయారీ ఆపేశారు. అదే తూటాకి డాన్ వెసన్ సూపర్‌మాగ్ నిలదొక్కుకుంది. సందుని యజమానే బిగుతుగా పెట్టుకోవచ్చు, బ్యారెల్ తినేస్తే మార్చుకోవచ్చు.

డాన్ వెసన్ 1978లోనే పోయాడు. కంపెనీ చేతులు మారి 1996లో న్యూయార్క్ రాష్ట్రంలోని నార్విచ్‌కి వెళ్లింది, 2005లో సీజెడ్ అనే తుపాకుల కంపెనీ కిందికి వచ్చింది. అక్కడ పేరు తెచ్చుకున్నవి ఎక్కువగా 1911 రకం పిస్టళ్లు. మాన్సన్ కాలం బ్యారెళ్లు దొరికితే కాల్చేవాళ్ల కంటే ముందు సేకరణదారులు ఎగరేసుకుపోతున్నారని పెద్దాయన సణిగాడు. మార్చుకోవడానికి వీలుగా చేసిన భాగం, మార్చడానికే దొరకడం లేదు. అందుకని కొన్నిటికి ఆయనే ముడి బ్యారెల్ కడ్డీ తెప్పించి తోడుతున్నాడు. పాత బ్యారెల్ మరల్ని పిచ్ గేజ్‌తో కొలిచి, లేతు మీద అదే చుట్టు కోస్తాడట. సగం కోసిన కడ్డీ ఒకటి చక్‌లో ఉంది. మర అడుగు నున్నగా రాలేదని దాన్ని పక్కన పెట్టబోతున్నాడు. "టూల్ పదును చూశారా?" అని అడిగేశాను, పాత అలవాటు. ఆయన టూల్ విప్పి వెలుతురుకి పెట్టి చూసి, గ్రైండర్ స్విచ్ వేశాడు.